గురువు ఈయగలిగినది, ఈయలేనిది

గడచిన కార్తీకమాసములో బంధువుల ఇంట గృహప్రవేశమునకై హైదరాబాదు వెళ్లియుంటిని. పూజయు, జంగమార్చనయు ముగిసి ప్రసాదము స్వీకరించిన పిమ్మట, వరుసకు నాకు తమ్ముడగువాని కుమార్తె వచ్చి ప్రక్కన కూర్చున్నది. చదువుకున్న పిల్ల, ఉద్యోగము చేయుచున్నది. కొంతసేపు ఊరి సంగతులు అడిగి, తరువాత మెల్లగా, "పెదనాన్నా, గురువు లేనిదే ముక్తి లేదని అందరూ అంటారు. నాకు లింగం కట్టిన అయ్యగారిని నేను మళ్లీ చూడనే లేదు. ఆయన నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. మరి నాకు గురువు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగినది.

ఆమె మెడలో లింగము లేదు. శివదారము తెగిపోగా లింగకాయను బీరువాలో దాచినదట. స్నేహితురాలొకతె ఆమెను ప్రతి ఆదివారము ఒక సత్సంగ మందిరమునకు తీసికొని పోవుచున్నది. అచటి గురువు మిక్కిలి పేరుగలవాడు. శిష్యుడు తన బుద్ధిని చెప్పులతోపాటు గుమ్మము వెలుపల విడిచి రావలెననియు, ఏమియు ప్రశ్నింపరాదనియు, తక్కినదంతయు గురువే చూచుకొనుననియు అచటి బోధ. మరునెలలో ఆమె వారివద్ద దీక్ష గైకొనవలసియున్నది. "వాళ్లు కనీసం ఎలా కూర్చోవాలో, మనసు ఎక్కడ పెట్టాలో నేర్పారు పెదనాన్నా. మనవాళ్లు అది కూడా నేర్పలేదు" అన్నది.

ఆ మాట నాకు ముల్లువలె నాటినది. ఏలయన అది అబద్ధము కాదు. నాడు నేను తగిన సమాధానము చెప్పజాలక, లింగమును మాత్రము తీసి శుభ్రపరచి పూజామందిరములో ఉంచుమని చెప్పి వచ్చితిని. ఈ వ్యాసము ఆ బిడ్డకు నేను పడిన బాకీ. మన ఇండ్లలో ఇట్టి పిల్లలు పలువురు ఉందురు గనుక పత్రికాముఖమున తీర్చుచున్నాను.

మోక్షమును కోరువానికి గురువు కావలెనను మాట వీరశైవులది మాత్రమే కాదు. బ్రహ్మమును తెలియగోరువాడు సమిధలు చేతబట్టి గురువునొద్దకు పోవలెనని ముండకోపనిషత్తు చెప్పుచు, ఆ గురువునకు రెండు లక్షణములు విధించినది. ఆయన శ్రోత్రియుడై యుండవలెను, బ్రహ్మనిష్ఠుడై యుండవలెను. అనగా శాస్త్రము తెలిసినవాడును, తెలిసినదానియందు నిలిచినవాడును కావలెను. మొదటిది మాత్రమే కలవాడు ఇతరులకు దారి చెప్పి తాను ఇంట కూర్చుండును. రెండవది మాత్రమే కలవాడు తాను గమ్యము చేరును గాని, సందేహముతో వచ్చినవానికి బదులు చెప్పజాలడు. గ్రుడ్డివాని వెంట నడచు గ్రుడ్డివారి గతి యేమగునో ఆ ఉపనిషత్తును, కఠోపనిషత్తును హెచ్చరించియే యున్నవి. గురువు కావలెనన్న గ్రంథములే అయోగ్యుడగు గురువు సంగతియు చెప్పినవి. మనము మొదటి మాటను కంఠస్థము చేసి రెండవ మాటను విడిచితిమి.

ఛాందోగ్యములో ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువునకు చెప్పిన దృష్టాంతమొకటి ఈ విషయమున నాకు మిక్కిలి ఉపకరించినది. గాంధారదేశపు మనుష్యునొకనిని కన్నులకు గంతలు కట్టి తెచ్చి జనము లేని చోట విడిచిపెట్టిరి. వాడు దిక్కు తెలియక నలువైపులకు తిరిగి కేకలు వేయుచుండగా, ఒకడు వచ్చి ఆ కట్టు విప్పి, గాంధారము ఫలానా దిక్కున ఉన్నది, అటు పొమ్మని చెప్పెను. వాడు తెలివి గలవాడగుటచే ఒక ఊరినుండి మరియొక ఊరికి అడుగుకొనుచు పోయి తుదకు స్వదేశము చేరెను. కథ ఇంతే. కట్టు విప్పినవాడు లేకున్న వాడు అచటనే అరచి అరచి చచ్చియుండును. గురువు ఆవశ్యకత అంతటిది. కాని ఆ పుణ్యాత్ముడు వానిని భుజముపై నెత్తుకొని గాంధారమునకు మోసికొని పోలేదు. నడక వానిది. దారి పొడుగునను అడిగిన నోరు వానిది. దారిలోని ఊళ్లవారును, పేరు చెప్పని ఆ రైతులును బాటసారులును, తలకొక మాట చెప్పి వానికి ఎంతో కొంత గురువులైరి. శ్వేతకేతువు సైతము ప్రతి దృష్టాంతము చివరను ఇంకను చెప్పుమని తండ్రిని మరల మరల అడుగుచునే యుండెను. తండ్రి విసుగు చెందలేదు.

ఇక మన సంప్రదాయమునకు వత్తము. అష్టావరణములలో గురువు మొదటివాడు. తరువాత లింగము, జంగమము. పిదప విభూతి, రుద్రాక్ష, మంత్రము, పాదోదకము, ప్రసాదము. గురువు లేనిదే రెండవదగు లింగము చేతికి రాదు గనుక ఈ క్రమము. ఆయన చేయు దీక్ష మూడు తెరగులు. హస్తమును శిష్యుని మస్తకముపై ఉంచి కారణతనువునందలి ఆణవమలమును తొలగించునది వేధాదీక్ష. చెవిలో మంత్రముపదేశించి సూక్ష్మతనువునందలి మాయామలమును తొలగించునది మంత్రదీక్ష. ఇష్టలింగమును కరస్థలమునందుంచి స్థూలతనువునందలి కార్మికమలమును తొలగించునది క్రియాదీక్ష. ఇది బాల్యమునుండి మనము వినుచున్న మాటయే.

అయితే ఆ కడపటి క్రియను కొంచెము నిదానించి చూడవలెను. దేవాలయములో దేవుడు గర్భగుడిలో ఉండును. భక్తుడు గడప కివతల నిలుచును. నడుమ అర్చకుడు ఉండును. ఇచట గురువు లింగమును శిష్యుని ఎడమ అరచేతిలో పెట్టి తన చేతిని వెనుకకు తీసికొనును. మరునాటినుండి ఆ పూజ శిష్యునిదే. భార్య పూజను భర్త చేయరాదు, కుమారుని పూజను తండ్రి చేయరాదు, శిష్యుని పూజను గురువు సైతము చేయరాదు. 12వ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు చాకలికి, మంగలికి, చెప్పులు కుట్టువానికి, పడవ నడుపువానికి, స్త్రీలకు సమానముగ ఈ మార్గమును తెరచినపుడు, నడుమ నిలుచు మనిషిని తొలగించుటయే అందలి ప్రాణము. నడుమ నిలుచువానిని తొలగించిన ధర్మములోనే గురువునకు అగ్రస్థానమెట్లు వచ్చినది? ఆయన నడుమ నిలుచుటకు గాక, అందించి తొలగుటకు వచ్చినవాడగుటవలననే అని నాకు తోచుచున్నది.

అల్లమప్రభువు వృత్తాంతము చూడుడు. హరిహరుని రగళెలో ఆయన గుడిలో మద్దెల వాయించువాడు. ప్రాణప్రదమగు భార్య జ్వరముతో మరణింపగా పిచ్చివానివలె తిరుగుచు, భూమిలో పూడిన గుడి శిఖరమును గాంచి త్రవ్వించి లోనికి పోవును. అచట అనిమిషయ్య లింగమును చేత ధరించి నిశ్చలుడై కూర్చుండియుండెను. అల్లముడు ఆ లింగమును తన చేతిలోనికి తీసికొనెను. ఆ క్షణముననే అనిమిషయ్య ప్రాణము విడిచెను. ఒక్క మాట లేదు, ఉపదేశము లేదు, పాదపూజ లేదు. అనుభవమంటపమునకు అధ్యక్షుడై బసవాదులకే మార్గదర్శకుడైన మహానుభావుని గురుశిష్య సంబంధమంతయు ఒక లింగము చేయి మారినంతసేపే. మన పిల్ల "ఆయన నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు" అన్నపుడు నాకు మొదట తలపునకు వచ్చినది ఈ కథయే. కాని అల్లముడు అల్లముడు. మనకందరకు మాటలు కావలెను. అందువలన ఆమె ఫిర్యాదును ఈ కథతో కొట్టివేయజాలను.

శివయోగి శివాచార్యుని 'సిద్ధాంతశిఖామణి' యందు ఈ చిక్కునకు విడుపు కలదు. అందు గురువును ఒక్కనిగా చెప్పక, దీక్షాగురు స్థలము, శిక్షాగురు స్థలము, జ్ఞానగురు స్థలము అని మూడు స్థలములుగా వింగడించిరి. దీక్షాగురువు లింగమును మంత్రమును ఇచ్చువాడు. శిక్షాగురువు ఆ ఇచ్చినదానిని ఎట్లు నిలుపుకొనవలెనో నేర్పి, సందేహములు తీర్చి, తప్పు నడచిన దిద్దువాడు. జ్ఞానగురువు శిష్యుని స్వరూపమును శిష్యునకే కన్నులార చూపువాడు. ఈ మువ్వురును ఒక్కనియందే ఉన్న మహాభాగ్యము. ఒక్కనియందే ఉండి తీరవలెనని మాత్రము ఏల అనుకొనవలెను? మన ఇండ్లలో జరుగుచున్నదేమనగా, మొదటి గురువు తప్పక వచ్చును, ముహూర్తము చూచి వచ్చును, రెండవవాడు రాడు, మూడవవాని పేరే ఎవరును ఎత్తరు. దీక్ష ఉన్నది, శిక్ష లేదు. విత్తనము వేసి నీరు పెట్టని చేనివలె ఉన్నది మన సంగతి. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు నా మొదటి సమాధానము ఇదియే: అమ్మా, నీకు దీక్షాగురువు ఉన్నాడు, శిక్షాగురువు రాలేదు. సగము వచ్చినది, సగము రావలసియున్నది. ఇది లేమియే గాని శూన్యము కాదు.

ఈ మాట పుస్తకములనుండి మాత్రమే చెప్పుట లేదు. నా సంగతియు అట్లే జరిగినది. మాది జహీరాబాదు ప్రాంతము, బీదరునకు దగ్గర. ఎనిమిదవ యేట నాకు దీక్ష జరిగినది. కులగురువు ఏటేట పంటలు ఇల్లు చేరిన తరువాత విచ్చేయువాడు. పాదపూజ, భిక్ష, కానుక. పిల్లలము పాదములంటి పరుగెత్తి పోయెడివారము. పది సంవత్సరములలో ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడుగలేదు. నేనును ఆయనను అడుగలేదు. నా పందొమ్మిదవ యేట నాయన లింగైక్యుడైనపుడు సమాధిక్రియకు ఆయనకు కబురు పంపితిమి. వెనుకటి రెండేండ్ల కానుక బాకీ యున్నదనియు, అది ముట్టిన గాని రాననియు మారుకబురు వచ్చినది. అవి కరవు సంవత్సరములు. అన్న అమ్మ చేతి కడియములు కుదువపెట్టి సొమ్ము పంపెను. ఆయన వచ్చెను, క్రియ జరిపించెను, పోయెను. ఆ రాత్రి నేను లింగమును మెడనుండి తీసి గూటిలో పెట్టితిని. ఆరు మాసములు ముట్టలేదు.

మా ఇంట మేనత్త ఒకతె ఉండెడిది. పిన్న వయసున భర్తను పోగొట్టుకొని పుట్టింటనే నిలిచిపోయినది. అక్షరము రాదు. తెల్లవారుజామున స్నానము చేసి, విభూతి పూసికొని, పసులకొట్టము వాకిట వెలుతురు పడుచోట కూర్చుండి లింగమును అరచేత నిలిపి చూచుచుండెడిది. బర్రె అరచినను దూడ తాడు తెంపుకొన్నను కదలెడిది కాదు. తరువాత లేచి తిట్టుచు దూడను పట్టెడిది. ఆమె నన్ను ఆరు మాసములు ఏమియు అనలేదు. ఒకనాడు కుడితి కలుపుచు, "నీ కోపం అయ్యగారి మీదనా బిడ్డా, లింగం మీదనా?" అని అడిగినది. అయ్యగారి మీదనే అంటిని. "మరి లింగానికెందుకు ఉపాసం పెడుతున్నవ్?" అన్నది.

నాకు మాట రాలేదు. మరునాడు ఆమె ప్రక్కన పోయి కూర్చుంటిని. ఎంతసేపు చూడవలెను, ఏమి తలంపవలెను అని అడిగితిని. "నాకేమెరుక బిడ్డా. మా అత్త ఇట్ల కూసున్నది, నేను ఇట్ల కూసున్న" అని, నా మోచేతిని తన చేతితో పట్టి కొంచెము పైకెత్తి, అరచేయి కనుల యెదుటకు వచ్చునట్లు సరిచేసినది. నా శిక్ష అంతటితో మొదలైనది. తరువాత పుస్తకములు చదివితిని, పెద్దల ప్రవచనములు వింటిని. శివయోగమున దృష్టి నిలుపుటను గూర్చి వారు చెప్పినది ఆ మోచేతి పట్టుకు పొడిగింపుగానే నాకు తోచినది. ఆమె నా శిక్షాగురువని ఆమెతో అనియున్నచో నవ్వియుండునో, భయపడియుండునో తెలియదు. నేను అనలేదు.

ఇచట ఒక ఆక్షేపము రాగలదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో కీర్తించిన ముగ్ధభక్తులకు ఏ గురువు ఉండెను? శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియైన బెజ్జమహాదేవికి ఎవరు ఉపదేశించిరి? శివుడు విషము మ్రింగెనని పురాణములో విని, అయ్యో చచ్చిపోవునేమో యని నీటిలో దిగి, ఉమియువరకు లేవనన్న రుద్రపశుపతికి ఏ దీక్ష జరిగినది? మన శ్రీకాళహస్తి కన్నప్ప గురుకులములో చదివెనా? నిజమే. శివుని కరుణ గురువు అనుమతికి కాచుకొని యుండునది కాదు. అర్వాచీనులలో తిరువణ్ణామలై రమణమహర్షికి (1879-1950) సైతము మానవరూపుడగు గురువు లేడు. కాని ముగ్ధభక్తుడు గురువు కావలెనా వద్దా అని ఆలోచింపడు. ఆ ప్రశ్న పుట్టిన క్షణముననే మనము ముగ్ధులము కామని తేలినది. మౌగ్ధ్యమును అభ్యసించి సంపాదింపలేము. నటించినచో అది ముగ్ధత కాదు, కపటము. లెక్కలు కట్టు మనవంటివారికి, లెక్క తప్పినచోట చేయి పట్టి ఆపువాడు కావలెను.

కన్నప్ప కథలో ఇంకొక సూక్ష్మము కలదు. ఆగమ పద్ధతిని అర్చన చేయు శివబ్రాహ్మణుడు, గుడిలో మాంసపు తునకలు చూచి కుమిలిపోవుచుండగా, శివుడు వానిని చాటున నిలిచి చూడుమనెను. బోయవాడు తన కన్ను పెకలించి స్వామికి పెట్టుటను అతడు కన్నులార చూచెను. ఆనాడు శాస్త్రము తెలిసిన అర్చకునకు శిక్షాగురువు అడవి బోయడు. తాను గురువైనట్లు ఆ బోయనికి తెలియనే తెలియదు. శిక్ష ఏ వైపునుండి వచ్చునో మనము నిర్ణయింపజాలము. ఛాందోగ్యములోని సత్యకాముడు గురువుగారి బక్క ఆవులను నాలుగు వందలు తోలుకొని పోయి, అవి వేయి అయినదాక అడవిలో ఉండగా, వృషభము, అగ్ని, హంస, నీటికోడి వానికి బ్రహ్మమును బోధించినవి. తిరిగి వచ్చిన శిష్యుని ముఖము చూచి గురువు, నీకెవరు చెప్పిరి నాయనా అని అడిగెను. ఆ అడుగుటలో అసూయ లేదు. శిష్యుడును అంతటితో చాలునని గర్వింపక, మీ నోటను వినవలెనని కోరెను. ఇరువురి మర్యాదయు నేర్వదగినది.

"గురువు సాక్షాత్తు శివుడే కదా, శివుని ప్రశ్నింపవచ్చునా?" అని కొందరు పెద్దలు అడుగుదురు. గురువు శివుడన్న మాట శిష్యుడు తన హృదయములో ఉంచుకొనవలసిన భావన. అది గురువు తన గోడకు వ్రేలాడదీసికొనవలసిన బిరుదు కాదు. ఎవరిని గూర్చి ఆ మాట అనబడునో వాడు అది విని వణకవలెను. గీతయందు కృష్ణుడు జ్ఞానమును పొందుటకు నమస్కారమును, సేవను చెప్పుచు వాని నడుమ ప్రశ్నను గూడ చేర్చినాడు. నచికేతుడు సాక్షాత్తు యముని ఎదుట నిలిచి, ఏనుగులు బంగారము ఇచ్చెదను ఈ ప్రశ్న విడువుమనినను విడువలేదు. మన శరణుల సంగతి చెప్పనేల! అనుభవమంటపమంతయు ప్రశ్నయే. 15వ శతాబ్దిలో శివగణప్రసాది మహదేవయ్య మొదట కూర్చిన 'శూన్యసంపాదన' తెరచి చూడుడు. తనకు గురువైన అన్న అజగణ్ణ పోగా విలపించుచున్న ముక్తాయక్కను అల్లముడు, జ్ఞానము గలిగినచో ఈ దుఃఖమేల అని నిలదీయును. ఆమె తల వంచక, అంత జ్ఞానము గలిగినచో మీకీ మాటలేల అను ధోరణిలో ఆయనకే తిరుగు ప్రశ్న వేయును. ఆయన కోపింపలేదు.

సొన్నలిగె సిద్ధరామయ్య చెరువులు త్రవ్వించి గుళ్లు కట్టించి వేలాది జనులచే గురువుగా పూజలందుకొన్నవాడు. అల్లముడు పోయి, మట్టి త్రవ్వించుటతో ఆగిపోతివా అని ఆయనను గద్దించి కల్యాణమునకు తోడ్కొని వచ్చెను. అచట ఆయనకు దీక్ష ఇచ్చినది బసవేశ్వరుని మేనల్లుడు, పిన్నవాడగు చెన్నబసవన్న అని శూన్యసంపాదన చెప్పును. వేలమందికి గురువైనవాడు తన లోటు తెలియగానే ఒక యువకుని ముందు చేయి చాచెను. సిద్ధరామయ్య చేసిన పుణ్యకార్యములన్నిటికంటె నాకు ఆ చేయి చాచుటయే గొప్పదిగా తోచును. అంబిగర చౌడయ్య వంటి శరణులు ధనాశతో దీక్షలిచ్చువారిని తమ వచనములలో ఎంత కఠినముగ దులిపిరో చదివినవారికి తెలియును. అట్లు దులిపినవారు గురుద్రోహులని కల్యాణములో ఎవరును అనలేదు.

ఇంకొక మాట. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్యములను షట్‌స్థలములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క లింగము కలదు. భక్తునకు ఆచారలింగము, మహేశునకు గురులింగము, పిమ్మట శివలింగము, జంగమలింగము, ప్రసాదలింగము, తుదకు ఐక్యునకు మహాలింగము. గురులింగము రెండవ మెట్టుపై ఉన్నది. నిష్ఠాభక్తికి అది ఆధారము. దానిని త్రొక్కక పైమెట్టు ఎక్కుట కుదురదు. అయినను అది కడపటి మెట్టు కాదు. శిష్యుని అచటనే ఆపి, ఇదియే శిఖరమని నమ్మించువాడు ఎంతటివాడైనను మన మార్గములో గురువు కాజాలడు. ముక్తి ఈయగలిగినవాడు శివుడు, నడువగలిగినవాడు శిష్యుడు, గురువు ఈయగలిగినది లింగము, దిక్కు, దిద్దుబాటు. ఇది తక్కువ యని ఎవరైన అందురేమో. కన్నులకు గంతలతో అడవిలో అరచుచున్న ఆ గాంధారుని అడుగుడు, తక్కువయో కాదో.

ఆ సత్సంగ మందిరమునకు పోవలదని నేను పిల్లకు చెప్పదలచుకొనలేదు. కూర్చుండుట నేర్పిరి, అది శిక్షయే, కృతజ్ఞతతో గ్రహింపవలెను. మన ఇంట దొరకనిది పొరుగింట నేర్చుకొన్న తప్పేమి? కాని బుద్ధిని గుమ్మము వెలుపల విడువుమన్న మాట దగ్గర మాత్రము ఆగుమందును. గాంధారుడు ఇల్లు చేరినది తెలివి గలవాడగుటచేతనే అని ఉపనిషత్తు ప్రత్యేకించి చెప్పినది. ఇంకొకటి చూచుకొమ్మందును. ఏటేటికి ఆ గురువు అవసరము నీకు పెరుగుచున్నదా, లేక ఆయన ఇచ్చినదానితో నీవు ఒంటరిగ కూర్చుండగల సమయము పెరుగుచున్నదా? మొదటిదైనచో ఎంత శాంతి కలిగినను అది నీది కాదు, ఎరువు తెచ్చుకొన్నది.

మఠముల పెద్దలకు ఒక విన్నపము. మనవారిలో శిక్షాగురుత్వము అంతరించినదని నేను అనుట లేదు. తుమకూరు సిద్ధగంగ మఠమున శివకుమార మహాస్వాములవారు (1907-2019) కులమతములు చూడక వేలాది బాలురకు అన్నమును, అక్షరమును, వసతిని కల్పించి ఎట్టి శిక్షాగురువులుగా వెలుగొందిరో దేశమంతయు ఎరుగును. అంతటి కార్యము అందరివలన కాదు. దీక్ష ఇచ్చిన పిల్లవాని పేరును మఠపు పుస్తకములో వ్రాసికొని, ఏడాదికొకసారి పిలిచి, "ఏమి నాయనా, కూర్చుండుచున్నావా? ఏమి సందేహము?" అని అడుగుట మాత్రము చిన్న మఠమువలనను అగును. తెలిసినది చెప్పవచ్చును, తెలియనిది తెలియదనవచ్చును. కానుకల లెక్క వ్రాయు పుస్తకములోనే ఇంకొక వరుస గీసికొన్న చాలును. ఇంట అత్తలు, అమ్మలు ఎవరైన ఇంకను లింగపూజ విడువనివారున్నచో పిల్లలను వారి ప్రక్కన కూర్చుండబెట్టుడు. వారు ఏమియు చెప్పలేకపోవచ్చును. మోచేయి సరిచేయగలరు.

ఈ వ్యాసము చిత్తుప్రతిని పిల్లకు పంపితిని. మొన్న ఫోను చేసినది. లింగమునకు క్రొత్త శివదారము కట్టించుకొన్నదట. ఆ దీక్షను ఇప్పటికి వాయిదా వేసినదట. సంతోషించితిని. తరువాత ఆమె ఒక మాట అడిగినది: "పెదనాన్నా, మీరు ఇప్పటికీ ఉదయం పూజకు ముందు ఆ అయ్యగారి పేరు తలుచుకుంటారా?" తలంతునంటిని. ఆయన ఎట్టివాడైనను నా చేత లింగమును పెట్టినది ఆయనయే. ఆ ఒక్క క్షణమునకు నేను నమస్కరించుచున్నాను, తరువాతి సంవత్సరములకు కాదు అంటిని. "మరి మీ అమ్మగారి కడియాలో?" అన్నది. అవి తిరిగి విడిపింపలేదు. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పిరో తెలియదు.

ఆయన పేరు తలంచునపుడు ఆ కడియములును తలపునకు వచ్చుననియు, రెండిటిని విడదీయుట నాకు యాబది యేండ్లుగా సాధ్యపడలేదనియు చెప్పితిని. అయినను తలంచుచునే యున్నాననియు చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, తనకు ఆ అయ్యగారి పేరే తెలియదు గనుక తనకీ చిక్కు లేదన్నది. తెలిసిననాడు తలంచెదవా అని అడిగితిని. ఆలోచించి చెప్పెదనన్నది.